యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్: అమ్మానాన్నలతో వెళ్తే ఏ క్యాంప్‌గ్రౌండ్ మేలు?

ఎండాకాలంలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే అమెరికాలోని మన ఇళ్లలో యెల్లోస్టోన్ నేషనల్ పార్కు మాట రాకుండా ఉండదు. పార్కు లోపలి హోటల్ గదులు నెలల ముందే నిండిపోతాయి. మిగిలిన ఒకటీ అరా గదుల రేట్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. అప్పుడు ఎవరో ఒకరు టెంట్ వేసుకుందాం అంటారు. మంచి ఆలోచనే. అయితే క్యాంప్‌గ్రౌండ్‌ను చాలామంది ఫొటోలు చూసి ఎంచుకుంటారు: పక్కన సరస్సు ఉందా, టెంట్ తలుపు తీస్తే కొండ కనిపిస్తుందా అని. పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు ముందు చూడాల్సింది అది కాదు. ఆ చోటు ఎంత ఎత్తులో ఉంది, స్నానానికి వేడినీళ్లు ఉన్నాయా, అక్కడి నుంచి రోజూ ఎంత దూరం కారులో కూర్చోవాలి అన్నవి తేల్చుకున్నాకే వ్యూ సంగతి.

ఎత్తు ఎందుకంటే, తిరుమల కొండ మూడువేల అడుగుల లోపే ఉంటుంది. యెల్లోస్టోన్‌లోని కాన్యన్ క్యాంప్‌గ్రౌండ్ దాదాపు 7,900 అడుగుల మీద ఉంది. విజయవాడ నుంచో రాజమండ్రి నుంచో వచ్చిన మనిషికి అక్కడ నాలుగడుగులు వేస్తే ఆయాసం రావడం, మొదటి రాత్రి నిద్ర పట్టకపోవడం సహజం. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లయితే బయల్దేరే ముందే డాక్టర్‌ను అడగాలి. దానికి తోడు చలి. జూలైలో కూడా ఆ ఎత్తులో రాత్రి 5 డిగ్రీల సెల్సియస్‌కు దిగడం మామూలే, ఒక్కోసారి నీళ్లు గడ్డకట్టేంత చలి కూడా వేస్తుంది. పగలు టీ షర్టుతో తిరిగాం కదా అని మామూలు దుప్పట్లతో పడుకుంటే తెల్లవార్లూ జాగారమే.

మాడిసనా, కాన్యనా?

యెల్లోస్టోన్‌లో అసలు పోటీ ఈ రెంటి మధ్యే. రెండూ పెద్దవి, ఒక్కోదానిలో 270కి పైగా సైట్లు, అంటే టెంట్ వేసుకునే జాగాలు, ఉన్నాయి. రెండూ అడవి నీడలోనే ఉంటాయి.

మాడిసన్ దాదాపు 6,800 అడుగుల మీద ఉంది. కాన్యన్‌తో పోలిస్తే వెయ్యి అడుగులు తక్కువ. ఆ తేడా రాత్రిపూట ఒంటికి బాగా తెలుస్తుంది. ఫైర్‌హోల్, గిబ్బన్ నదులు కలిసి మాడిసన్ నది అయ్యే చోటు ఇదే. సాయంత్రం నది ఒడ్డున కుర్చీలు వేసుకుని కూర్చుంటే గడ్డి మేయడానికి వచ్చే ఎల్క్ జింకలు కనిపిస్తాయి. వేడినీళ్లు పైకి చిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ ఇక్కడి నుంచి 16 మైళ్లు. వేడినీటి బుగ్గలు చాలావరకు ఆ దారిలోనే ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద లాభం రంగురంగుల వేడినీటి బుగ్గ గ్రాండ్ ప్రిస్మాటిక్ దగ్గర తెలుస్తుంది. అక్కడ పార్కింగ్ చిన్నది, పొద్దెక్కితే కార్లు రోడ్డు మీద దాకా బారులు తీరతాయి. మాడిసన్‌లో పడుకున్నవాళ్లు పొద్దున్నే కాఫీ తాగి బయల్దేరినా ఆ రద్దీ కంటే ముందే చేరుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను కిలోమీటరు దూరంలో కారు ఆపి నడిపించాల్సిన పని ఉండదు. టెన్షన్ సగం తగ్గిపోతుంది.

మాడిసన్‌లో లోటు ఒకటే. స్నానాల గదులు లేవు. ఫ్లష్ టాయిలెట్లు, చన్నీళ్ల కుళాయి ఉంటాయి, అంతే. పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టుకుంటే గానీ నోట్లో మెతుకు వేసుకోని పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో. వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కాన్యన్‌లో ఆ లోటు లేదు. వేడినీళ్ల స్నానం, బట్టలు ఉతుక్కునే యంత్రాలు అక్కడే ఉన్నాయి. పక్కనే కిరాణా దుకాణం, తినడానికి చోటు, హోటల్ కూడా ఉన్నాయి. 308 అడుగుల ఎత్తు నుంచి దూకే లోయర్ ఫాల్స్ జలపాతం కొద్ది నిమిషాల దూరం. బైసన్ (అమెరికా అడవిదున్నల) మందలు తిరిగే హేడెన్ వ్యాలీకి తెల్లవారకముందే వెళ్లిరావచ్చు. పార్కు నడిబొడ్డున ఉండడం వల్ల ఉత్తరానికైనా దక్షిణానికైనా వెళ్లిరావడానికి వీలుగా ఉంటుంది. చలి, ఎత్తు, ఈ రెండే దాని ఇబ్బందులు.

నన్నడిగితే, అందరూ టెంట్‌లోనే పడుకునేటట్లయితే మాడిసన్. అమ్మానాన్నలకు కాన్యన్ హోటల్లో ఒక్క గది దొరికి, మీరూ పిల్లలూ టెంట్‌లో ఉండగలిగితే మాత్రం కళ్లుమూసుకుని కాన్యన్.

సరస్సు ఒడ్డున ఉన్న గ్రాంట్ విలేజ్, బ్రిడ్జ్ బే ఒక్కోటీ నాలుగువందలకు పైగా సైట్లతో ఇంకా పెద్దవి. ఎత్తు దాదాపు 7,800 అడుగులు, చలిలో కాన్యన్‌కు ఏమీ తీసిపోవు. గ్రాంట్‌లో స్నానాల వసతి ఉంది. మిగతాచోట్ల దొరకనప్పుడు అది తీసుకోవచ్చు. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో ఎలుగుబంట్ల వల్ల టెంట్లు వేయనివ్వరు, గట్టి గోడలున్న ఆర్‌వీలకే (లోపలే పడుకునే ఇల్లులాంటి బండ్లకే) అనుమతి. పార్కులో ఆర్‌వీకి కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్ ఇచ్చే చోటు అదొక్కటే కాబట్టి, ఆర్‌వీ అద్దెకు తీసుకునేవాళ్లు ముందు దాన్నే చూడాలి. ఉత్తరాన స్లౌ క్రీక్‌లో ఉన్నవి 16 సైట్లే. తోడేళ్లను చూడాలని తపించేవాళ్లకు అంతకు మించిన చోటు లేదు గానీ, పెద్దవాళ్లతో వద్దు.

గ్రాండ్ టీటన్‌లో

యెల్లోస్టోన్‌కు దక్షిణాన దగ్గర్లోనే ఉన్న ఈ పార్కులో అందానికి మొదటి బహుమతి జెన్నీ లేక్‌దే, అందులో వాదన లేదు. కొండల పాదాల దగ్గర, టెంట్లకు మాత్రమే కేటాయించిన చిన్న క్యాంప్‌గ్రౌండ్. ఆర్‌వీల మోత ఉండదు. సరస్సుకు నడిచి వెళ్లవచ్చు. ఇద్దరే వెళ్తుంటే రెండో ఆలోచన లేకుండా దాని కోసమే ప్రయత్నించండి. అయితే స్నానాల వసతి లేదు, సైట్లు బుకింగ్ తెరిచిన కాసేపటికే అయిపోతాయి.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు నా ఓటు కోల్టర్ బేకి. ఎత్తు దాదాపు 6,800 అడుగులు. మూడువందలకు పైగా సైట్లు, వేడినీళ్ల స్నానాలు, లాండ్రీ, కిరాణా, రెస్టారెంట్, పడవల రేవు అన్నీ ఉన్నాయి. జాక్సన్ సరస్సుకు అవతల టీటన్ శిఖరాలు వరసగా కనిపిస్తాయి. వాటిలో పెద్దది 13,775 అడుగులు. అయితే నేను దీన్ని ముందుకు తేవడానికి కారణం వేరే ఉంది. అక్కడే దుంగలతో కట్టిన క్యాబిన్లు, సగం దుంగలు సగం కాన్వాస్ గోడలతో కట్టెల పొయ్యి ఉన్న టెంట్ క్యాబిన్లు కూడా అద్దెకు ఇస్తారు. పెద్దవాళ్లను దుంగల క్యాబిన్‌లో పడుకోబెట్టి, పిల్లలతో మీరు టెంట్‌లో ఉండొచ్చు. పొద్దున్నే అందరూ ఒకే బల్ల దగ్గర ఉప్మా తినొచ్చు. నేల మీద పడుకోలేని నాన్నను ఎలా తీసుకెళ్లాలన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు ఈ రెండు పార్కుల్లోనూ నాకు కనిపించలేదు.

జాక్సన్ ఊరి వైపున్న గ్రోవాంట్ విశాలంగా ఉంటుంది, నది ఒడ్డున మూస్ అనే పెద్ద జింకలు కనిపించే అవకాశం ఎక్కువ. ఊరికి దగ్గర కావడం దాని సుగుణం. సిగ్నల్ మౌంటెన్ నుంచి సరస్సు బ్రహ్మాండంగా కనిపిస్తుంది గానీ సైట్లు 81 మాత్రమే, 30 అడుగులు దాటిన బండ్లను రానివ్వరు.

ఒక్క మాట. కోల్టర్ బేలోనే ఉండి యెల్లోస్టోన్ మొత్తం చూసేద్దాం అనుకోవద్దు. అక్కడి నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దాదాపు 60 మైళ్లు. రోడ్డు మీద గంటకు 45 మైళ్లకు మించకూడదు, మధ్యలో బైసన్లు అడ్డం వస్తే అవి కదిలేదాకా ఆగాల్సిందే. రానూపోనూ రోజంతా కారులోనే గడిచిపోతుంది. మూడు రాత్రులు కోల్టర్ బేలో ఉండి, పెద్దవాళ్ల ఒళ్లు ఆ ఎత్తుకు అలవాటయ్యాక, అక్కడే తలస్నానాలు, బట్టలు ముగించుకుని, రెండు రాత్రులకు మాడిసన్ వెళ్లడం నాకు నచ్చిన పద్ధతి. రెండు రాత్రులే కాబట్టి స్నానాల లోటు సర్దుకోవచ్చు.

వంట గురించి

మనవాళ్ల క్యాంపింగ్ అంటే వంట లేకుండా జరగదు. కాన్యన్ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది, గ్యాస్ సిలిండర్ మాత్రం ఖాళీ అవుతుంది. మూడు లీటర్ల చిన్న కుక్కర్ వెంట ఉంటే ఏ బాధా లేదు. లేకపోతే పెసరపప్పు నానబెట్టి వండుకోవాలి. మాడిసన్‌లో, కోల్టర్ బేలో కూడా కుక్కర్ ఉండడమే మంచిది.

ఎలుగుబంట్ల విషయంలో ఎక్కడ ఉన్నా నియమం ఒకటే. తినే వస్తువులు, వంట గిన్నెలు, వాసన వచ్చేవన్నీ అద్దాలు మూసిన కారులో గానీ ఇనుప పెట్టెలో గానీ పెట్టాలి. ఆవకాయ సీసా, కారప్పొడి డబ్బా ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు. మరిచిపోయేది నాన్న తలగడ కింద అమృతాంజనం, అమ్మ సంచిలో కొబ్బరినూనె, పిల్లల టూత్‌పేస్ట్. పడుకునే ముందు టెంట్‌లోని ప్రతి సంచీ ఒకసారి దులిపి చూడండి. ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే బేర్ స్ప్రేను విమానంలో తీసుకెళ్లనివ్వరు, అక్కడికి చేరాకే కొనాలి.

బుకింగ్

యెల్లోస్టోన్‌లోని మాడిసన్, కాన్యన్, గ్రాంట్, బ్రిడ్జ్ బే, ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉన్నాయి. వాటికి ఏడాది ముందు నుంచే బుకింగ్ మొదలవుతుంది. సైట్ నంబరు మనం ఎంచుకోలేం, అక్కడికి వెళ్లాక వాళ్లే కేటాయిస్తారు. కాబట్టి సాయంత్రం దాకా ఆగకుండా పెందలాడే చేరుకుని, పెద్దవాళ్లున్నారు, టాయిలెట్‌కు దగ్గర సైట్ ఇవ్వండని అడగండి. అర్ధరాత్రి చలిలో, చీకట్లో టార్చిలైటుతో అమ్మను ఎంత దూరం నడిపించాలన్నది అక్కడే తేలిపోతుంది.

గ్రాండ్ టీటన్ సైట్లు రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో సరిగ్గా ఆరు నెలల ముందు తెరుస్తారు. జూలై 10న కావాలంటే జనవరి 10న, మౌంటెన్ టైమ్ ప్రకారం ఉదయం 8 గంటలకు లాగిన్ అయి సిద్ధంగా ఉండాలి. అప్పటికి ఇండియాలో టికెట్లు, వీసా ఖాయం కాకపోవచ్చు. అయినా బుక్ చేసేయండి. అవసరం లేకపోతే తర్వాత రద్దు చేసుకోవచ్చు, పోయేది కొద్దిపాటి రుసుమే. ఆ రోజు దొరకకపోయినా ఫలానా తేదీకి ఖాళీ అయితే చెప్పమని ఆ వెబ్‌సైట్‌లోనే అలర్ట్ పెట్టుకోండి. ప్రయాణం దగ్గరపడే కొద్దీ రద్దు చేసుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.