ఏడేళ్లుగా వాడుతున్న క్లిప్ ట్యూనర్: ఆకుపచ్చ దీపం, గాంధారం మెట్టు

వీణ బిరడాల దగ్గర తగిలించుకుని శ్రుతి సరిచూసుకునే ఈ క్లిప్ ట్యూనర్‌ను నేను ఏడేళ్లుగా వాడుతున్నాను. బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది, తెర ఎంత వెడల్పు అన్న వివరాలు పెట్టె మీదే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచినది, స్వరం తన లెక్కకు సరిపోగానే అది వెలిగించే ఆకుపచ్చ దీపం గురించి, ఆ దీపం వెలిగినా ఒప్పుకోని మా మాస్టారి గురించి.

కొన్న కొత్తలో ఆ దీపాన్ని కనిపించిన వారందరి దగ్గరా మెచ్చుకున్నాను. అంతకు ముందు వాయించే నాలుగు తీగలూ, పక్కనుండే మూడు తాళపు తీగలూ శ్రుతి చేసుకోవడానికే పాఠంలో చాలా సేపు పోయేది. ఇది వచ్చాక నాలుగైదు నిమిషాల్లో పని ముగిసేది. ఆ మాట ఇప్పటికీ నిజమే, కాని షడ్జ పంచమాల (స, ప) వరకే నిజమని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఒక వేసవిలో ఎండలకు, వీణ మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి నాలుగో మెట్టు, అంటే మొదటి తీగ సారణి మీద అంతర గాంధారం (రెండు 'గ'లలో పైది) పలికే మెట్టు, కాస్త జరిగింది. మైనాన్ని కొద్దిగా వేడిచేసి, దీపం వెలిగే చోటికి మెట్టును నేనే సర్ది, ఎంతో ధీమాగా పాఠానికి వెళ్లి మాయామాళవగౌళ రాగంలో స రి గ మ అని సాగే మొదటి సరళీ వరుస ఎత్తుకున్నాను. గాంధారం దగ్గర మాస్టారు చెయ్యెత్తారు. మళ్లీ వాయిస్తే మళ్లీ అక్కడే ఆపారు. తీగను గట్టిగా నొక్కుతున్నానేమోనని వేలు తేలిక చేశాను. పక్కకు లాగుతున్నానేమోనని నిటారుగా పెట్టాను. ఆ రోజు గంటసేపు కూర్చున్నా మధ్యమం దాకా వెళ్లనే లేదు. చివరికి ఉక్రోషం ఆపుకోలేక, "దీపం వెలుగుతూనే ఉంది కదండీ" అన్నాను. "దాన్ని తీసి పక్కన పెట్టు. మంద్రం మీటి విను" అన్నారు.

మంద్రం అంటే సారణి కన్నా ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉన్న దూరం) కింద షడ్జం పలికే తీగ. దాని పొడవులో అయిదో వంతు దగ్గర వేలు ఆనీ ఆనకుండా ఉంచి మీటమన్నారు. చిన్న గంట మోగినట్టు సన్నగా గాంధారం పలికింది. ఆ వెంటనే నా మెట్టు మీది గాంధారం మీటమన్నారు. ఒక స్థాయి కిందే ఉన్నా, నాది పైకి ఎగదన్నుతున్నట్టు స్పష్టంగా వినిపించింది. అప్పుడాయన మైనాన్ని వేడిచేసి, మెట్టును బిరడాల వైపు జరుపుతూ, తాళపు తీగలతో కలిపి మీటి వింటూ, మళ్లీ జరుపుతూ, అరగంట కూర్చున్నారు. మొత్తం జరిగింది ఒక బియ్యపు గింజంత. అంతటితో తాళపు తీగల మీద ఇన్నాళ్లూ ఉన్న సన్నని వణుకు ఆగిపోయింది. అది అక్కడ ఉందన్న సంగతే నేను అంతవరకు గమనించలేదు.

ఇంటికి వచ్చి ట్యూనర్ తగిలిస్తే, ముల్లు నడిమి గీతకు ఎడమ పక్కన, అంటే శ్రుతి తగ్గిందని చూపే వైపు, దాదాపు 14 సెంట్ల దగ్గర నిలిచింది. ట్యూనర్ ఒక స్థాయిని 12 సమాన భాగాలు చేసి, ఒక్కొక్క దానికి 100 సెంట్లు ఇస్తుంది కనుక దాని లెక్కలో అంతర గాంధారం 400. తీగలోంచి తానుగా పుట్టే గాంధారం షడ్జానికి 5:4 నిష్పత్తిలో ఉంటుంది, అది సుమారు 386. పంచమంలో ఈ తేడా రెండు సెంట్లే కాబట్టి అక్కడ దీపం నన్ను ఇబ్బంది పెట్టలేదు. మాస్టారికి ఈ అంకెలతో పని లేదు. ఆయన చెవి ఆగిన చోటు మాత్రం అదే. నన్ను తప్పుదారి పట్టించిన పరికరమే ఆయన వినికిడికి సాక్ష్యం పలకడం నాకు ఎంతో ఆనందం కలిగించింది.

ట్యూనర్ కొనవచ్చా అని అడిగితే, తీగలు మార్చినప్పుడూ, చుట్టూ గోలగా ఉన్నప్పుడూ దీనికి సాటి లేదనే అంటాను. అయితే నాకు పక్కన కూర్చుని ఆపే మనిషి ఉన్నారు. ఒంటరిగా నేర్చుకునే వారు దీపాన్ని ఎంతవరకు నమ్మాలో నేను చెప్పలేను. గమకంతో ఊగే గాంధారానికి ఈ లెక్క ఇలాగే అతకదు కూడా. ఆ మాటకొస్తే అంత పట్టుదల గల గురువు కూడా అందరికీ సరిపడకపోవచ్చు. ఆ పాఠం తరువాత రెండు వారాలు నేనే మొహం చాటేశాను. ఇప్పుడు షడ్జ పంచమాలు కుదరగానే ట్యూనర్‌ను పెట్టెలో పెట్టేసి, మంద్రం మీటి, గాంధారం కోసం చెవి ఒగ్గి కూర్చుంటాను.