గిటారు కొంటున్నారా? "ఏ తీగలైనా వేసుకోవచ్చు" అంటే నమ్మకండి

మా అమ్మాయికి తొలి గిటారు కొనబోయి దెబ్బతిన్నాను. ఇంకొకరికి ఇలా జరగకూడదని రాస్తున్నాను.

పాటకు తోడుగా మీటుకుంటూ వాయించే గిటారు కావాలన్నది అమ్మాయి కోరిక. అందుకు స్టీలు తీగల గిటారు సరిపోతుంది. అమ్మినాయన మాకు ఇచ్చింది మాత్రం నైలాన్ తీగలతో వాయించే క్లాసికల్ గిటారు. "తేడా అంతా తీగల్లోనే అండీ, స్టీలువి నేనే వేసిస్తాను" అన్నాడు. వేసి వాయించాడు. ఖంగుమని మోగింది. అంతటితో నమ్మేశాను.

ఆ తరువాత ఎన్నిసార్లు శ్రుతి చేసినా తెల్లారేసరికి దిగిపోయేది. తీగలు నొక్కలేక అమ్మాయి వేలికొసలు కందిపోతుంటే, కొత్త కదా, అలవాటైపోతుందిలే అని సర్దిచెప్పాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధపడుతున్నాను. మూడో వారంలో ఒకరోజు గిటారును కంటి ఎత్తుకు లేపి పక్కనుంచి చూశాను. బ్రిడ్జి (తీగల కొసలను పట్టి ఉంచే చెక్కముక్క) వెనుక గిటారు పైపలక ఉబ్బి ఉంది. బ్రిడ్జి వెనుక అంచు కింద కాగితం పెడితే సులువుగా లోపలికి జారింది. తీసుకెళ్లి చూపిస్తే "మీరే ఎక్కువ బిగించారు" అని చేతులు దులుపుకున్నాడు.

బిగింపు ఎక్కువై కాదు, ఆ తీగలు వేయడం వల్లే ఇలా జరిగింది. ఆరు నైలాన్ తీగలు కలిసి సుమారు 40 కిలోల బలంతో లాగితే, సన్న రకం స్టీలు తీగలు కూడా 60 కిలోలకు పైగా లాగుతాయి. క్లాసికల్ గిటారు పలక పలుచన. దాని కింద విసనకర్రలా పరిచిన సన్నని బద్దలే ఆధారం. స్టీలు గిటారులో ఎక్స్ ఆకారపు గట్టి బద్దలుంటాయి, మెడలో ఇనుప కడ్డీ ఉంటుంది. చాలా క్లాసికల్ గిటార్లలో ఆ కడ్డీ ఉండదు.

తీగలను చూసి గిటారు రకాన్ని తేల్చుకోకండి. నైలాన్ సెట్టులోనూ లావుపాటి మూడు తీగలకు లోహపు చుట్టు ఉంటుంది, స్టీలువే అనిపిస్తాయి. పైగా నాకు జరిగినట్టు ఎవరైనా మార్చి ఉండవచ్చు. బ్రిడ్జి చూడండి: తీగలను ముడివేసే కట్టు ఉంటే క్లాసికల్, తీగ కొసలను బిగించే గుండ్రటి పిన్నులు వరుసగా ఉంటే సాధారణంగా స్టీలు గిటారు. తలభాగంలో పొడవాటి గాళ్లు ఉన్నాయా అన్నది మాత్రం నమ్మదగ్గ గుర్తు కాదు, కొన్ని స్టీలు గిటార్లకూ అవి ఉంటాయి. అనుమానం తీరకపోతే స్కేలు పెట్టి నట్ (మెడ పైకొసన తీగలు ఆనే సన్నని పట్టీ) దగ్గర మెడ వెడల్పు కొలవండి. క్లాసికల్‌కు 50 నుంచి 52 మిల్లీమీటర్లు, స్టీలు గిటారుకు మామూలుగా 43, 44 ఉంటుంది.

క్లాసికల్ గిటారు తక్కువదని నేను అనడం లేదు. వేళ్లతో ఒక్కొక్క స్వరమే పలికించాలనుకునేవారికి దానిని మించినది లేదు, లేత వేళ్లకూ హాయి. కానీ పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) గట్టిగా మీటే పాటలు మనసులో ఉంటే మొదటే స్టీలు గిటారు తీసుకోండి. ఒకటి కొని దాన్ని మరొకటిగా మార్చుకోవచ్చన్న ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పటికే క్లాసికల్ గిటారుకు స్టీలు తీగలు వేసినవారు ఈ రాత్రే వాటిని వదులు చేయండి. ఒక్కసారిగా కత్తిరించకండి, బిరడాలు తిప్పుతూ ఆరింటినీ కొంచెం కొంచెంగా దించండి. బ్రిడ్జి లేచి ఉంటే మీరే జిగురు పెట్టకుండా, గిటార్లు బాగుచేసేవారికి చూపించండి. మాది అలాగే బతికింది. ఇప్పుడు నైలాన్ తీగలతో మెత్తగా పలుకుతోంది. అమ్మాయి అడిగిన గిటారు మాత్రం ఇంకా కొనవలసే ఉంది.