స్ప్రే డ్రోన్ కాళ్ల బోల్టులు: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

పది లీటర్ల స్ప్రే డ్రోన్ కొనేవాళ్లు బ్యాటరీల గురించి అడుగుతారు, మోటార్ల గురించి అడుగుతారు, నాజిళ్ల గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. కాళ్ల గురించి అడిగినవాళ్లు మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు. గుంటూరు చుట్టుపక్కల మిరప, పత్తి, వరి, మినుము చేలల్లో ఏళ్లుగా డ్రోన్‌తో అద్దెకు మందు కొడుతున్నాను. లక్షలు పోసి కొన్న ఆ డ్రోన్‌లో అన్నిటికంటే చవకైనవీ, అన్నిటికంటే ఎక్కువ దెబ్బలు తినేవీ ఒకటే. ల్యాండింగ్ గేర్‌ను, అంటే ఆ కాళ్లను, ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులు, నట్టులు, పైపును చుట్టి పట్టుకునే క్లాంపులు. వాటిని ఎప్పుడు మార్చాలి, ఏవి వాడాలి అన్నదే ఈ సమీక్ష. నా మాట ముందే చెప్పేస్తాను. బోల్టు చూడ్డానికి బాగానే ఉంది కదా అని ఉంచకండి. ల్యాండింగ్‌లు లెక్కపెట్టండి, లెక్క నిండగానే సెట్టు మొత్తం మార్చండి.

ఎందుకంటే మన పనిలో ల్యాండింగ్‌లు ఊహించనంత ఎక్కువ. ఎకరానికి పది లీటర్ల మందునీళ్లు అనుకుంటే ట్యాంకు ఒక్క ఎకరానికే సరి, అంటే ఎకరానికి ఒకసారైనా దిగాల్సిందే. రోజుకు ఇరవై ఎకరాలు కొడితే ఇరవై సార్లు. మధ్యలో బ్యాటరీ తగ్గినా, నాజిల్ మూసుకుపోయినా అదనం. 2021లో మిరపకు నల్ల తామర పురుగు తగులుకున్నాక మా వైపు రైతులు స్ప్రేలు పెంచారు, దాంతో ఈ లెక్క ఇంకా పెరిగింది. మా బంధువుల అబ్బాయి ఒకడు చిన్న విమానాల మెయింటెనెన్స్‌లో ఉన్నాడు. శిక్షణ విమానాల్లో నేర్చుకునేవాళ్లు గంటలో ఆరేడు సార్లు దింపి లేపుతుంటారు కాబట్టి అక్కడ ఎగిరిన గంటలే కాదు, ల్యాండింగ్‌లూ చూస్తారట. గట్టిగా దబ్బుమని దిగితే దానికి ప్రత్యేక తనిఖీ ఉంటుంది. గేర్ బోల్టులు, అవి కూర్చునే రంధ్రాలు, చుట్టుపక్కల రేకు అన్నీ చూశాకే మళ్లీ గాల్లోకి పంపుతారు. మన డ్రోన్ యాప్ గంటలు చూపిస్తుంది, ఎకరాలు చూపిస్తుంది. కాలు అరిగేది మాత్రం దిగినప్పుడే.

దెబ్బ ఎంతో ఒకసారి లెక్క కట్టి చూడండి. నిండు ట్యాంకుతో 25 కిలోలకు కాస్త అటూఇటూ ఉండే డ్రోన్ 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిందనుకుందాం. కాళ్లు వంగి, నేల అణిగి 2 సెంటీమీటర్లలో అది ఆగితే, కాళ్ల మీద పడే సగటు బలం దాని బరువుకు 16 రెట్లు. అంటే 400 కిలోలు. అది నాలుగు బిందువుల మీద సమంగా పడితే పరవాలేదు, కానీ మా నేలల్లో సమంగా ఎక్కడ పడుతుంది! రేగడి నేల వానకు జిగురై కాళ్ల కింద నేలను తాకే అడ్డపైపును (స్కిడ్‌ను) పట్టేస్తుంది, ఎండితే రాయిలాంటి పెళ్లలు లేస్తుంది. డొంక పక్కన దింపితే ఒక కాలు గాడిలో, ఒక కాలు గట్టు మీద. ముందు తగిలిన కాలే మొత్తం మోస్తుంది. అందుకే ఎక్కడికి వెళ్లినా నేను చదునుగా చూసి పట్టా పరిచి, దాని మీదే దింపుతాను. చివరి మీటరులో దిగే వేగాన్ని కూడా సెట్టింగుల్లో తగ్గించాను. వేగం సగమైతే తాకిడి శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంత లాభం పైసా ఖర్చు లేకుండా ఇంకెక్కడా రాదు.

ఇక బోల్టు బాగున్నట్టు కనిపించడం సంగతి. ప్రత్తిపాడు దగ్గర పత్తి చేలో పని ముగించి, సెట్టు మార్చే వేళ అయిందని విప్పుతుంటే వెనక ఎడమ కాలి బోల్టు తల ఊడి చేతిలోకి వచ్చింది. అప్పటిదాకా నట్టు కదల్లేదు. నట్టు మీదుగా బోల్టు మీదికి నేను గీసిన గోళ్ల రంగు గీత కూడా చెక్కు చెదరలేదు. విరిగిన ముఖాన్ని ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూశాను. ఒక పక్క దాదాపు సగం దాకా గోధుమ రంగు, నున్నగా అరిగినట్టు ఉంది. మిగతా సగం తెల్లగా మెరుస్తూ గరుకుగా ఉంది. ఆ గోధుమ సగం ఎప్పటి నుంచో ఉన్న పగులు, లోపలికి తేమ వెళ్లి తుప్పు పట్టింది. మెరిసేది ఆ పూట నేను అలెన్ కీ తిప్పితే తెగిన భాగం. పగులు మొదలైంది తలకు కాండానికి మధ్య మూలలో, బయటి నుంచి వాషరు కప్పేసే చోట. రోజూ పొద్దున బోల్టును పట్టి ఊపి చూసినా, కీ పెట్టి బిగువు చూసినా ఆ పగులు చెప్పదు. పక్కన ఉన్న మూడు బోల్టులూ చూడ్డానికి కొత్తవాటిలాగే ఉన్నాయి, అయినా పారేశాను. ఒకటి సగం తెగి ఉన్నన్నాళ్లూ దాని వంతు బరువు మోసింది అవే కదా. అందుకే విరిగింది ఒకటే మార్చి సరిపెట్టడాన్ని నేను ఒప్పుకోను.

ఇప్పుడు ఏ బోల్టు ఎలా పనిచేసిందో చెబుతాను. డ్రోన్‌తో వచ్చినవి నల్లటి అలెన్ బోల్టులు, తల మీద 12.9 అని ఉంటుంది. ఈ అంకె చదవడం చాలామందికి తెలియదు. చుక్కకు ముందున్న 12ను వందతో గుణిస్తే 1200 మెగాపాస్కల్స్, అది తెగే బలం. చుక్క తర్వాత 9 అంటే అందులో 90 శాతం దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. బలానికి తిరుగులేదు. కానీ ఆ నలుపు పూత మందుల తడికి ఆగదు, ఒక్క సీజన్‌లోనే తల గుంటలో తుప్పు కనిపిస్తుంది. అలెన్ గుంట తుప్పుతో గుండ్రమైతే విప్పడం నరకం. పైగా గట్టి ఉక్కులో తుప్పు గుంటల దగ్గరే పగులు పుడుతుంది. మెరిసే జింకు పూత వేసిన 12.9 బోల్టులు దొరుకుతాయి, వాటి జోలికి అసలు వెళ్లకండి. అంత గట్టి ఉక్కుకు ఎలక్ట్రోప్లేటింగ్ (కరెంటుతో పూత వేయడం) చేసేటప్పుడు హైడ్రోజన్ లోపలికి చేరి, బిగించిన కొన్నాళ్లకు చెప్పాపెట్టకుండా విరిగే ప్రమాదం ఉంది.

సర్వీసు వాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే నేను రెండు రకాలకు మారాను. క్లాంపుల బోల్టులకు ఏ2-70 స్టెయిన్‌లెస్. తెగే బలం 700 మెగాపాస్కల్సే, కానీ కాలి కార్బన్ ఫైబర్ ట్యూబును పట్టే క్లాంపును ఎలాగూ గట్టిగా బిగించలేం కాబట్టి అది చాలు, తుప్పు బెడద పోయింది. కాలు మడిచే కీలు దగ్గర మాత్రం జింకు పూత 8.8, అది 12.9 అంత గట్టి ఉక్కు కాదు కాబట్టి ఆ హైడ్రోజన్ ప్రమాదం తక్కువ. ఇక్కడ ఒక మెలిక ఉంది. తల నుంచి చివరిదాకా మరలు ఉన్న బోల్టు వద్దు, కింద కొంత నున్నటి కాండం ఉన్నదే కావాలి. పక్క నుంచి కోసే బలం పడే చోట మరలు ఉంటే బోల్టు సన్నబడినట్టే, పైగా మరలు రంపం పెట్టినట్టు రంధ్రాన్ని కోసేస్తాయి. విమానాల్లో బోల్టు పొడవును ఈ నున్నటి భాగం చూసుకునే ఎంచుతారు. విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే అన్నీ దొరుకుతాయి, పాత బోల్టు ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. కౌంటర్ దగ్గర "సైజు అదే కదా సార్, ఏదైతే ఏంటి" అంటారు. తల మీద గ్రేడు అచ్చు లేనిది ఎంత చవకైనా తీసుకోకండి. టైటానియం కూడా ఒకసారి వేసి చూశాను, తేలిక తప్ప ఆ ధరకు తగ్గ లాభం నాకు కనపడలేదు.

స్టెయిన్‌లెస్‌తో ఒక ఇబ్బంది చెప్పాలి. స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు వేసి డ్రిల్లుతో వేగంగా తిప్పితే మరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఇక కోయాల్సిందే. చేత్తో నిదానంగా తిప్పితే ఈ గొడవ చాలావరకు రాదు.

నట్టుల్లో నైలాక్ తప్ప వేరేవి వాడను, అవి కూడా ప్రతిసారీ కొత్తవే. లోపలి నైలాన్ రింగు మరలను ఒకసారి బాగా పట్టుకుంటుంది, విప్పి వేసేకొద్దీ పట్టు తగ్గుతుంది. వేళ్లతోనే చివరిదాకా తిరిగిపోయిందంటే ఆ నట్టు పని అయిపోయినట్టే. బిగించాక నట్టు అవతల ఒకటి రెండు మరలు కనిపించాలి, లేకపోతే నైలాన్ పూర్తిగా పట్టుకోలేదని అర్థం. చాలామంది స్ప్రింగ్ వాషర్ వేసి ధీమాగా ఉంటారు. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు బోల్టు జాయింటు పక్కకు ఊగితే నట్టు తనంతట తాను వదులవుతుందని 1969లో చూపించాడు. ఆ రకం పరీక్షలో స్ప్రింగ్ వాషర్ ఏమీ ఆపలేదు. ఆరు మోటార్ల వణుకుడు ఉన్న మన డ్రోన్‌లో జరిగేది సరిగ్గా ఆ పక్క ఊగుడే.

నట్టు లేకుండా నేరుగా లోహంలోకి దిగే బోల్టులకు నీలం లాక్‌టైట్ 243, మరలు వదులవకుండా పట్టే జిగురు. ఒక చుక్క చాలు, మరలు నూనె లేకుండా పొడిగా ఉండాలి. స్టెయిన్‌లెస్ మీద అది నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి రాత్రి వేసి పొద్దున ఎగరేస్తాను. ఎరుపు రకం వేస్తే వేడి చేస్తే తప్ప ఊడదు, కార్బన్ పక్కన వేడి పెట్టడం ఎవరికి మంచిది? ప్లాస్టిక్ క్లాంపుల దగ్గర మాత్రం ఏ రంగుదీ వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లను అది పగలగొడుతుంది.

క్లాంపుల విషయంలో మన మిరప రైతులకు చెప్పాల్సింది ఎక్కువ ఉంది. మిరపకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కొట్టని చేను ఉండదు. ఆ రాగి అల్యూమినియం మీద తడిగా నిలిస్తే అల్యూమినియాన్ని తినేస్తుంది. దానికి తోడు కార్బన్ ట్యూబుకూ అల్యూమినియానికీ మధ్య తేమ చేరితే ఆ జంటలో కరిగేది ఎప్పుడూ అల్యూమినియమే. క్లాంపు విప్పితే లోపలి వైపు తెల్లటి పొడి కనిపిస్తుంది. వేలితో తుడిస్తే పోతుంది, కింద మాత్రం చిన్న చిన్న గుంటలు ఉంటాయి. ఆ గుంటలు గోరుకు తగిలేంత అయితే నేను క్లాంపు మార్చేస్తాను. రాగి మందు కొట్టిన రోజు సాయంత్రం మాత్రం ఎంత అలిసిపోయినా మంచినీళ్లతో కాళ్లు కడిగి, గుడ్డతో తుడిచి కానీ డ్రోన్‌ను బండి ఎక్కించను. ఒకసారి రైతు ఒకాయన చూసి "ఏందబ్బాయ్, చీకటి పడుతుంటే దానికి స్నానం చేయిస్తన్నావ్?" అన్నాడు. "రేపు మీ తమ్ముడి చేలో దిగాలి కదా బాబాయ్" అన్నాను. ప్లాస్టిక్ క్లాంపులకు ఈ తుప్పు లేదు, కానీ మన ఎండలకు ఏడాది తిరిగేసరికి బోల్టు రంధ్రం చుట్టూ వెంట్రుకవాసి చీలికలు వస్తున్నాయి. నా ఓటు అల్యూమినియానికే, కడిగే ఓపిక ఉంటే.

బిగువుకు చేతి అంచనా పనికిరాదు. ఎం4 (4 మిల్లీమీటర్ల మందం) బోల్టుకు 8.8 గ్రేడులో సాధారణంగా చెప్పే టార్కు, అంటే బిగించే తిప్పుడు బలం, 3 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, కార్బన్ ట్యూబు క్లాంపుకు అంత పెడితే ట్యూబు నలుగుతుంది. మాన్యువల్ అంకెకే చిన్న టార్కు స్క్రూడ్రైవరు సెట్ చేసి వాడుతున్నాను, ఇప్పటిదాకా కొన్న పనిముట్లలో ఇంత ఉపయోగపడింది వేరే లేదు. మరలకు నూనె తగిలి ఉంటే అదే టార్కుకు బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుందని గుర్తుంచుకోండి.

ఇక ఎప్పుడు మార్చాలి? కీలు బోల్టులు, క్లాంపు బోల్టులు, నట్టులు అన్నీ కలిపి నేను పెట్టుకున్న హద్దు ఐదు వందల ల్యాండింగ్‌లు. గట్టిగా పడిన రోజు లెక్కతో పని లేదు, ఆ సాయంత్రమే మార్చేస్తాను. ఇది మా రేగడి నేలలు, మా మందులు చూసి పెట్టుకున్న హద్దు. మీ మాన్యువల్ ఇంతకంటే ముందే మార్చమంటే దాన్నే పాటించండి. సెట్టు మొత్తానికి నాకు ఐదు వందల రూపాయలు దాటదు. కాలు మడతపడితే ట్యాంకు, పంపు, రెక్కలు కలిసి పోతాయి, మిరప సీజన్ మధ్యలో రోజులు పోతాయి. 2023లో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకాన్ని ప్రకటించింది, అందులో మహిళా సంఘాలకు డ్రోన్ ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సాయం పెట్టింది. ఆ డ్రోన్లు నడిపే డ్వాక్రా మహిళలకు కూడా ఎగరేయడంతో పాటు ఈ అలెన్ కీ పని చేత్తో చేయించి నేర్పాలని నా గట్టి కోరిక.

సెట్టు మార్చేటప్పుడు కొత్త బోల్టును ఖాళీ రంధ్రంలో పెట్టి ఊపి చూడండి. అటూఇటూ ఆడితే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిందన్నమాట, అప్పుడు ఎంత మంచి బోల్టు వేసినా వారంలో వదులవుతుంది. ట్యూబును రూపాయి బిళ్లతో పొడవునా తట్టండి. మిగతా చోట్ల టంగుమని, క్లాంపు దగ్గర మాత్రం బొదబొదమని వినిపిస్తే లోపల పొరలు విడిపోయినట్టు. ఈ రెండిట్లో ఏది కనిపించినా కాలే మార్చాలి, అది కూడా మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చిందే. టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కు ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) ఉన్న డ్రోన్‌కు బయట చేయించిన పైపు తగిలించడం నిబంధనలకూ కుదరదు.