“మింటేజ్ చాలా తక్కువ సార్” అంటూ 70 గ్రేడ్ కాయిన్లు అంటగడుతున్నారు, జాగ్రత్త

కోపంలో రాస్తున్నా, కొంచెం అటూ ఇటూ ఉంటే సర్దుకోండి. నాలుగు రోజులు ఆగితే మర్యాదగా రాస్తానేమో గానీ ఈలోపు ఇంకొకరు ఇరుక్కుంటారు.

ఆ సెల్లర్ ఎవరో మీలో సగం మందికి తెలుసు. పొద్దున్నే మెరిసే వెండి కాయిన్ ఫొటో, దాని కింద “ప్రపంచం మొత్తానికి ఇన్నే పీసులు” (ఎన్ని అచ్చయ్యాయన్న ఈ లెక్కనే మింటేజ్ అంటారు), ఆ కింద “చివరి పీస్” అని పెట్టే మహానుభావుడు. పేరు రాయను. రాస్తే అందరూ ఆ పేరు పట్టుకుని కొట్టుకుంటారు, అసలు సంగతి పక్కకు పోతుంది.

క్లుప్తంగా జరిగింది ఇదీ. ఒక చిన్న దీవి దేశం పేరుతో వచ్చిన వెండి ప్రూఫ్ కాయిన్లు, అంటే కలెక్టర్ల కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా అచ్చేసేవి. కొత్తవే. అన్నీ స్లాబ్‌లో (గ్రేడింగ్ సంస్థ సీల్ చేసి ఇచ్చే ప్లాస్టిక్ డబ్బా), అన్నీ 70 గ్రేడ్, అంటే ఏ లోపమూ లేదని ఇచ్చే అన్నింటికన్నా పై గ్రేడ్. మింట్ (కాయిన్లు అచ్చేసే టంకశాల) అమ్మిన ధరకు కొన్ని రెట్లు ఎక్కువ పెట్టి తీసుకున్నా. రేపు డబ్బు అవసరం పడితే ఏంటి పరిస్థితి అని కొనేటప్పుడే అడిగా. “మీరు ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు నేనే వెనక్కి తీసుకుంటా సార్. అసలు నా దగ్గరే ఉంచుకుందామనుకున్నా, మీరు కాబట్టి ఇస్తున్నా” అన్నాడు. నోటి మాటే, రాత లేదు. నవ్వుకునేవాళ్లు ఇక్కడే నవ్వేసుకోండి, ముందు ముందు అంత ఓపిక ఉండదు.

ఇప్పుడు అవసరం పడింది. రెండు కాయిన్లు వెనక్కి ఇస్తానని మెసేజ్ పెట్టా. చూశాడు, జవాబు లేదు. మళ్లీ పెట్టా. చివరికి ఫోన్ చేస్తే ఎత్తి “ఏ కాయిన్ సార్?” అన్నాడు. నాకు అమ్మేటప్పుడు దాని మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చిన మనిషి! పేరు చెప్పా. “ఓ, అదా. అది ఇప్పుడు నడవట్లేదు సార్.” అదేంటండీ, 70 గ్రేడ్ కదా అన్నా. “కొత్త కాయిన్లు అన్నీ డెబ్బయ్యే కదా సార్” అన్నాడు, ఏదో చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

వెనక్కి తీసుకుంటానన్న మాట గుర్తు చేశా. అప్పుడొచ్చింది జవాబు: “తీసుకోనని అనలేదే. వెండి రేటుకు తీసుకుంటా. స్లాబ్ పగలగొట్టి పంపండి, కొరియర్ ఖర్చు తగ్గుతుంది.”

స్లాబ్ పగలగొట్టి పంపాలంట. ఆ ప్లాస్టిక్ డబ్బా కోసం, దాని మీద ఉన్న 70 అనే అంకె కోసం నా దగ్గర అంత వసూలు చేసిన మనిషే ఈ మాట అంటున్నాడు. ఒక్క క్షణం నేనే తప్పుగా విన్నానేమో అనుకున్నా. ఏమన్నారు అని మళ్లీ అడిగితే, ఈసారి నాకు క్లాసు: “కలెక్టర్ అన్నాక ప్యాషన్ ఉండాలి సార్. లాభం కావాలంటే షేర్లు కొనుక్కోవాల్సింది.” ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రమే అదే కాయిన్, అదే గ్రేడ్, ఫొటో పెట్టి “చివరి పీస్” అన్నాడు. రేటు నాకు చెప్పినదానికన్నా ఎక్కువ! నడవని కాయిన్‌కి ఈ రేటేంటి, ఈ చివరి పీస్ ఎన్నోసారి చివరిది అని కింద అడిగా. నన్ను బ్లాక్ చేశాడు. ప్యాషన్ అంటే ఇదే కాబోలు.

సరే, వాడి సంగతి వదిలేయండి. ఆ మాటలు మింగుడుపడక కూర్చుని చదివినవి కొన్ని చెప్తా. వాడు చెప్పిన అబద్ధాలన్నీ నిజాల మీదే కట్టాడు, అందుకే అంత నమ్మకంగా ఉంటాయి.

మింటేజ్ తక్కువ అన్నది నిజమే. కానీ కొనేవాళ్లు అంతకన్నా తక్కువ. అమెరికా 1909 లింకన్ సెంట్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో మింట్ గుర్తూ, డిజైనర్ పొడి అక్షరాలూ ఉన్న రకం 4,84,000 అచ్చయింది. మింటేజ్ అంత ఎక్కువ కాబట్టి మనవాడి లెక్కలో అది చెత్త. ఈరోజుకీ అరిగిపోయిన ముక్కకు కూడా జనం మంచి డబ్బు పెడతారు, ఎందుకంటే ఆ సెంట్ల సిరీస్ పూర్తి చేయాలని తిరిగే వాళ్లు లెక్కలేనంత మంది, అందరికీ ఆ ఒక్క గడి ఖాళీ. పైగా ఆ కాయిన్లను జనం వాడారు, అరగదీశారు, పోగొట్టారు. కొత్త కలెక్టర్ కాయిన్‌ను పోగొట్టేది ఎవరు? మింట్ నుంచే క్యాప్సూల్‌లో వస్తుంది, కొన్నవాడు బీరువాలో పెడతాడు. వంద ఏళ్ల తర్వాత కూడా దాదాపు అన్నీ అలాగే మెరుస్తూ ఉంటాయి.

అలాగని కొత్తవాటిలో విలువైనవే లేవని కాదు, న్యాయంగా చెప్పాలి. అమెరికా వెండి కాయిన్ సిల్వర్ ఈగిల్‌లో, 1995లో వెస్ట్ పాయింట్ మింట్ గుర్తుతో వచ్చిన ప్రూఫ్ 30,125 మాత్రమే. బంగారు కాయిన్ల సెట్ కొంటేనే అది దొరికేది, అందుకే తక్కువ. 1986 నుంచి ఏటా ఈగిల్స్ పోగేసేవాళ్లు పెద్ద గుంపు ఉంది కాబట్టి దానికి గిరాకీ. మొనాకో 2007లో గ్రేస్ కెలీ బొమ్మతో తెచ్చిన 2 యూరోల కాయిన్ 20,001, దాని వెనకా 2 యూరోల సిరీస్ మొత్తం పోగేసే జనం ఉన్నారు. బ్రిటన్‌లో 2009 క్యూ గార్డెన్స్ 50 పెన్స్ 2,10,000 అచ్చయింది, అది ఏకంగా చిల్లరలో తిరిగింది. ఈ మూడింటినీ మనవాడు నాకు ఉదాహరణలుగా చెప్పాడు, చూడండి ఎలా పెరిగాయో అని. వాటి సంగతి నిజమే. నాకు అమ్మిన కాయిన్‌కు అలాంటి సిరీస్ ఏదీ లేదన్న ముక్క మాత్రం మింగేశాడు. ఒక బొమ్మ, ఒక ఏడాది, అంతే. పక్క ఏడాది ఇంకో బొమ్మ. అదే బొమ్మ మీద రంగు వేసి ఒకటి, బంగారు పూత వేసి ఒకటి, పాతదానిలా నల్లబరిచి ఒకటి, దేనికదే “తక్కువ మింటేజ్”.

ఈ దీవి దేశాల కథ కూడా సరదాగానే ఉంటుంది. నియూ అనే దేశం పేరుతో ఎన్నో రకాల కాయిన్లు వస్తాయి. అక్కడి జనాభా రెండు వేల లోపు. అయిదు వేల పీసుల కాయిన్ ఒక్కటి వచ్చిందంటే, అది తక్కువ అంటారు, దేశంలో తలకు రెండు చొప్పున పంచినా ఇంకా మిగులుతాయి. ఆ కాయిన్లు అక్కడి కొట్టు గల్లాపెట్టెలో పడేవి కూడా కావు. వేరే దేశాల్లో అచ్చయి నేరుగా మనలాంటి వాళ్ల చేతికి వస్తాయి. చెల్లుబాటు ఉందని చట్టం చెప్తుంది, చట్టబద్ధంగానే మోసపోయాం అని సంతోషించాలి.

ఇక 70 గురించి. ఈ 1 నుంచి 70 స్కేలు విలియం షెల్డన్ 1949లో పాత అమెరికన్ పెద్ద రాగి సెంట్ల కోసం తెచ్చింది. అరిగి గుర్తుపట్టడమే కష్టమైన ముక్క 1 అయితే, ఏ లోపమూ లేనిది దానికి 70 రెట్లు చేస్తుందని లెక్క. చేతులు మారి దెబ్బలు తిన్న కాయిన్లకు ఆ తేడా అర్థవంతమే. 1980ల్లో పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు వచ్చి కాయిన్‌ను స్లాబ్‌లో మూసి గ్రేడ్ ఇవ్వడం అలవాటు చేశాక ఆ స్కేలే అన్నింటికీ వచ్చేసింది. అయిదు రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో అచ్చయిన తర్వాత పడిన లోపం ఏదీ కనబడకపోతే 70. ఇప్పటి ప్రూఫ్ మింట్‌లో మెషిన్ మీంచి సరాసరి క్యాప్సూల్‌లోకి వెళ్తుంటే 69, 70 రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. “అన్నీ డెబ్బయ్యే కదా సార్” అన్నాడే, మా పరిచయం మొత్తంలో వాడు మెలిక లేకుండా చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

ఏ గ్రేడ్ ఎన్ని కాయిన్లకు ఇచ్చారో గ్రేడింగ్ సంస్థ చెప్పే పాపులేషన్ రిపోర్ట్ చూపించి “70 గ్రేడ్‌లో ఇన్నే ఉన్నాయి” అంటారు. గ్రేడింగ్‌కు పంపినవాటి లెక్క మాత్రమే అది. డబ్బు దండగని పంపకుండా క్యాప్సూల్‌లోనే ఉంచుకున్నవాళ్ల కాయిన్లు అందులో రావు. రేటు కాస్త పెరిగిందా, అవన్నీ గ్రేడింగ్‌కు బయలుదేరతాయి, ఆ అంకె పెరుగుతూనే ఉంటుంది. తగ్గడం అరుదు.

లేబుల్ మీద “ఫస్ట్ స్ట్రైక్”, “ఎర్లీ రిలీజెస్” అని రాసి ఉంటే డై అనే అచ్చులోంచి మొదట పడిన కాయిన్లు అని నేను అనుకున్నా, నాకు అలాగే చెప్పారు కూడా. విడుదలైన మొదటి 30 రోజుల్లో గ్రేడింగ్ సంస్థకు చేరాయని మాత్రమే దానర్థం. అంటే పార్సిల్ త్వరగా చేరిందని. దానికి కూడా డబ్బు కట్టా.

ఇంకోటి మర్చిపోయా. నేను వెనక్కి ఇస్తానన్న రెండింటిలో ఒకదాని మీద తెల్ల మచ్చలు వచ్చాయి, స్లాబ్ లోపలే. ఎండలో పెట్టారా అని నన్నే అడిగాడు. కొత్త వెండి కాయిన్లకు ఈ మిల్క్ స్పాట్స్ పాత జబ్బు. అచ్చుకు ముందు వెండి బిళ్లలను కడిగిన మందు సరిగా పోకపోతే తర్వాతెప్పుడో బయటపడతాయని అంటారు. కెనడా మింట్ దీని కోసమే 2018లో మింట్‌షీల్డ్ అని కొత్త పద్ధతి తెచ్చింది. మచ్చ పడ్డా లేబుల్ మీద 70 అలాగే ఉంటుంది, కొనేవాడు మాత్రం మచ్చనే చూస్తాడు. స్లాబ్‌లో పెట్టిన తర్వాత వచ్చే ఇలాంటి మచ్చలకు గ్రేడింగ్ గ్యారంటీ వర్తించకపోవచ్చు, ఆ నిబంధనలు చదివాకే డబ్బు పెట్టండి.

బొమ్మ నచ్చి కొనుక్కునేవాళ్లను నేనేమీ అనను. నాకూ ఆ కాయిన్ బొమ్మ నచ్చింది. నచ్చితే మింట్ ధర దగ్గర్లో, గ్రేడింగ్ లేకుండా, క్యాప్సూల్‌తో తీసుకోండి. కొత్త ప్రూఫ్‌ను సొంత ఖర్చుతో గ్రేడింగ్‌కు పంపడం నా దృష్టిలో దండగే. 69 వచ్చిందంటే గ్రేడింగ్ ఫీజు కూడా వెనక్కి రాకపోవచ్చు.

తప్పదు, స్లాబే కావాలంటారా? అడిగే ధరలు కాదు, నిజంగా అమ్ముడైన ధరలు వెతకండి. సర్టిఫికెట్ నంబర్ గ్రేడింగ్ సంస్థ సైట్‌లో కొట్టి అక్కడి ఫొటోతో పోల్చండి, దొంగ స్లాబులు కూడా తిరుగుతున్నాయి. వెనక్కి తీసుకుంటానంటే ఏ రేటుకో రాతలో అడగండి. డబ్బు కట్టేముందు ఇంకో చిన్న పని: మీకు తెలిసిన ఎవరితోనైనా అదే సెల్లర్‌కు ఫోన్ చేయించి, “ఈ కాయిన్ నా దగ్గర ఉంది, అమ్మాలి, ఎంతిస్తారు?” అని అడిగించండి. స్పీకర్ ఆన్ చేసి పెట్టమనండి.