సోడియం ఆల్జినేట్ పొడి: బీడ్స్‌కి కొనండి, ఇంప్లాంట్ పనికి వద్దు

ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకి హైడ్రోజెల్స్ (నీళ్లు పట్టి ఉంచే మెత్తటి జెల్స్) టాపిక్ తీసుకున్నవాళ్లలో చాలామంది ముందు కొనేది సోడియం ఆల్జినేటే, ఎందుకంటే చవక, పైగా జెల్ చేయడానికి వేడి అక్కర్లేదు, విషపు రసాయనాలు అక్కర్లేదు. నేను తీసుకున్నది కెమికల్స్ షాపులో దొరికే మామూలు ల్యాబ్ గ్రేడ్ డబ్బా. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసిన పొడి.

బీడ్స్‌కి (మందు నింపే చిన్న జెల్ గుళికలకి) మాత్రం చాలా బాగుంది. 2 శాతం ద్రావణం చేసి, సిరంజితో కాల్షియం క్లోరైడ్ నీళ్లలోకి చుక్కలుగా వదిలితే పడ్డ చుక్క పడ్డట్టే గుండ్రంగా గట్టిపడుతుంది. ఆల్జినేట్ అంటే గులురోనిక్, మాన్యురోనిక్ అనే రెండు చక్కెర ఆమ్లాలు వరసగా కలిసిన పొడవాటి గొలుసులు; వాటిలో గులురోనిక్ ఆమ్లం ఉన్న భాగాలను కాల్షియం పక్కపక్కన పట్టి కట్టేస్తుంది, అంతే. పొడిని ఒకేసారి నీళ్లలో గుమ్మరిస్తే మాత్రం ఉప్మా రవ్వలా ఉండలు కడుతుంది. స్టిర్రర్ తిరుగుతుండగా కొంచెం కొంచెంగా చల్లండి, కరిగాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే బుడగలు పోతాయి.

నాకు కోపం తెప్పించింది లేబుల్. విస్కాసిటీ (ద్రావణం చిక్కదనం) ఎంతో లేదు, గులురోనిక్, మాన్యురోనిక్ ఆమ్లాల నిష్పత్తి అసలే లేదు. గులురోనిక్ ఎక్కువైతే జెల్ గట్టిగా, పెళుసుగా వస్తుంది, మాన్యురోనిక్ ఎక్కువైతే మెత్తగా, సాగేలా వస్తుంది, అది ఏ నాచు, కాడ నుంచి తీశారా ఆకు నుంచి తీశారా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. రెండో డబ్బా వేరే బ్యాచ్ వచ్చింది. అదే 2 శాతం, కానీ చూస్తేనే తెలిసేంత పల్చన. డ్రగ్ రిలీజ్ గ్రాఫ్ (బీడ్స్ నుంచి మందు ఎంతసేపట్లో ఎంత బయటికి వస్తుందో చూపేది) మొదటిదానితో కలవలేదు, గైడ్ గారికి ఏం చెప్పాలో తెలియక ఒకటే టెన్షన్.

ఫాస్ఫేట్ బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణంలో) బీడ్స్ ఉబ్బి విడిపోతున్నాయని కొందరు ఈ పొడినే తిడుతుంటారు. అందులో దీని తప్పేం లేదు, కాల్షియంను ఫాస్ఫేట్ లాగేసుకుంటుంది, ఆ చోట్లోకి సోడియం వచ్చేస్తుంది. ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపడం) కూడా చేయకండి, గొలుసులు తెగి పల్చబడుతుంది.

డబ్బా మీద 'బయోడిగ్రేడబుల్' అని పెద్దక్షరాల్లో వేశారు, ఇది చదివి మోసపోవద్దు. మట్టిలో, సముద్రంలో ఉండే కొన్ని బ్యాక్టీరియాకు ఆల్జినేట్‌ను తెంపే ఎంజైమ్ ఉంది, మన ఒంట్లో లేదు. లోపల కాల్షియం పోయి జెల్ వదులవుతుంది గానీ పెద్ద గొలుసులు కిడ్నీల గుండా బయటికి పోలేవు. నిజంగా శరీరంలో కరగాలంటే పెరియోడేట్ అనే రసాయనంతో కాస్త ఆక్సిడైజ్ చేయాలి, లేదా కైటోసాన్‌కి వెళ్లాలి, దాన్ని మన ఒంట్లో ఉండే లైసోజైమ్ అనే ఎంజైమ్ నెమ్మదిగా తెంపుతుంది. కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి వస్తుంది, రొయ్యల సాగులో దేశంలో ముందున్నది ఆంధ్రప్రదేశే, కాబట్టి మన కాలేజీలు ఆ వైపు ఇంకా గట్టిగా చూడాలని నా కోరిక.

కొనేవాళ్లు ప్రాజెక్టు మొత్తానికి సరిపడా ఒకే బ్యాచ్ నంబరుది తీసుకోండి, డబ్బు ఇచ్చే ముందే విస్కాసిటీ ఉన్న అనాలిసిస్ సర్టిఫికెట్ అడగండి. కణాలతో పనిచేసేవాళ్లు, జంతువుల్లో పెట్టి చూసేవాళ్లు దీని జోలికి రావద్దు, ఖరీదెక్కువైనా ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) తక్కువున్న శుద్ధి చేసిన గ్రేడే తీసుకోవాలి.