టరాంటులాలు చూడ్డానికి కొన్న హెడ్‌ల్యాంప్: లైటుకి ఫుల్ మార్కులు, బటన్‌కి సున్నా

రాత్రిపూట బయట టరాంటులాలను, అంటే ఒంటినిండా నూగుండే పెద్ద సాలీళ్లను, చూడ్డానికే తలకి తగిలించుకునే ఈ ఎర్ర లైటున్న హెడ్‌ల్యాంప్ తీసుకున్నాను, కాబట్టి సైక్లింగుకి పనికొస్తుందా, కరెంటు పోతే ఎంతసేపు వస్తుంది లాంటివి నన్నడక్కండి.

ఎర్ర లైటు మాత్రం సూపర్. సాలీళ్ల కంటికి ఎరుపు అంతగా ఆనదు. తెల్ల లైటు పడగానే బొరియలోకి జారిపోయే టరాంటులా, ఈ లైటులో గుమ్మం దగ్గరే కాళ్లు బయటపెట్టుకుని పురుగు కోసం కాపు కాస్తూ కనిపిస్తుంది. అలాగని దబదబా నడిచి వెళ్తే లాభం లేదు, ఎనిమిది కళ్లున్నా దానికి చూపు అంతంతమాత్రమే గానీ కాళ్ల మీది నూగుతో నేల అదురుని ఇట్టే పసిగట్టేస్తుంది.

గొడవంతా బటన్‌తోనే. ఉన్నది ఒకటే, ఎర్ర లైటు రావాలంటే ముందు ఫుల్ తెలుపు, తర్వాత డిమ్, ఆ తర్వాత టపటపా కొట్టుకునే మోడ్, ఇవన్నీ దాటాలి, పొరపాటున ఆపితే మళ్లీ మొదటికే. ఎంత ఓపిగ్గా నిలబడినా ఆ ఒక్క తెల్ల వెలుగుతో టరాంటులా లోపలికి పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో దాని ఇష్టం. దూరంగా ఉన్నప్పుడే ఎరుపులో పెట్టుకుని, తిరిగొచ్చేదాకా ఆపకుండా ఉంచడం తప్ప దారి లేదు. పైగా ఎరుపులో నాలుగడుగుల అవతల ఏమీ తెలీదు, పాములుండే చోట బూట్లు తప్పనిసరి.

వెతకడానికైతే తెల్ల లైటే కావాలి. గడ్డిలో మంచుబొట్లలా మెరిసే కళ్లు చూసి సంబరపడకండి, అవి ఎక్కువగా వుల్ఫ్ స్పైడర్లనే వేరే రకం సాలీళ్లవి, టరాంటులా కళ్లు అంత మెరవవు. అంచున సాలెపట్టు అల్లి ఉన్న గుండ్రటి కన్నం కనబడుతుందేమో చూడండి. జత కోసం తిరిగే మగవి మాత్రం దారి మీదే ఎదురుపడొచ్చు.

తెల్ల లైటు బాగా దూరం పోతుంది కాబట్టి మీద మీదకి వెళ్లాల్సిన పనుండదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. అమెరికా ఖండాల జాతుల్లో చాలావాటికి పొట్ట మీద దురద పుట్టించే వెంట్రుకలుంటాయి, వెనక కాళ్లతో గీకి మన మీదకి వదుల్తాయి, కంట్లో పడితే డాక్టరు దగ్గరికి పరుగే. ఆసియా, ఆఫ్రికా జాతులకు అవి లేవు గానీ కొన్నిటి కాటుకి కండరాలు పట్టేస్తాయి. ముందు కాళ్లెత్తి కోరలు చూపిస్తోందంటే వెనక్కి తగ్గండి. ఫొటో కోసం చేతిలోకి తీసుకునే వాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది, కాస్త ఎత్తు నుంచి పడినా దాని పొట్ట పగిలి చచ్చిపోవచ్చు.

ఐదుకి మూడు స్టార్లు. ఎర్ర లైటుకి విడిగా బటన్ ఉన్నదో, ఆఖర్న వాడిన మోడ్ గుర్తుపెట్టుకునేదో దొరికితే దీన్ని వదిలేసి అదే కొనండి.