నాన్న చేతికి ఏది మేలు: మడత ఫోనా, స్మార్ట్ ఫోనా?

మా నాన్న వేలిని టచ్ స్క్రీన్ గుర్తుపట్టదు. నలభై ఏళ్లు పార పట్టి, కొబ్బరికాయ ఒలిచిన చెయ్యి అది. వేలి కొసల్లో చర్మం కాయ కట్టి ఎండిపోయింది. వేలు ఆనినప్పుడు గాజు కింద విద్యుత్తులో వచ్చే చిన్న మార్పును పట్టుకుని ఆ స్క్రీను పనిచేస్తుంది. మొద్దుబారిన చర్మానికి ఆ మార్పు సరిగా అందదు. చేతికి తడి ఉంటే ఒక చోట నొక్కితే ఇంకో చోట పడుతుంది. రేషన్ షాపులో వేలిముద్ర పడక రెండు మూడుసార్లు తుడుచుకుని మళ్లీ పెట్టే పెద్దవాళ్లకి ఈ అవస్థ కొత్తేమీ కాదు.

నేను హైదరాబాదు నుంచి చేస్తే ఆయన చేలో నిలబడి పచ్చ గుండ్రాన్ని పైకి జరపబోయేవారు. అది జరిగేలోపు రింగు ఆగిపోయేది. "ఫోను మోగుతోందమ్మా, నేనే ఎత్తలేకపోతున్నాను" అన్నారొకసారి. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అందుకే కోనసీమలో మా ఇంటికి మడత ఫోను, అంటే మూత తెరిచి బటన్లు నొక్కి మాట్లాడే చిన్న ఫోను, తీసుకెళ్లాను. రెండేళ్లుగా ఆ ఇంట్లో నాన్న దగ్గర మడత ఫోను, అమ్మ దగ్గర స్మార్ట్ ఫోను ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన చూస్తూ వచ్చాను కాబట్టి ఈ పోలిక.

ముందు, ఫోను ఫోనుగా. ఇక్కడ మడత ఫోనుకి సాటి లేదు. తెరిస్తే మాట, మూస్తే ముగింపు. జేబులో ఉండగా తనంతట తాను ఎవరికో కాల్ వెళ్లడం లేదు. నా నంబరు 2 మీద పెట్టాను, నాన్న ఆ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు. నంబరు చూడక్కర్లేదు, కళ్లజోడు వెతకక్కర్లేదు, చీకట్లో వేలితో తడిమినా బటన్ తెలుస్తుంది. మన దేశంలో దొరికే ఈ రకం ఫోన్లకి మచ్చుగా నోకియా 2660 ఫ్లిప్‌ని చెప్పుకోవచ్చు. 2022 ఆగస్టులో 4,699 రూపాయల ధరతో వచ్చింది. అంకెలు పెద్దవి, ప్రమాదంలో నొక్కడానికి పక్కన విడిగా ఒక బటన్ ఉంది, వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్లకి పనికొస్తుంది, బ్యాటరీ ఊడదీసి మార్చుకోవచ్చు. ఆ బ్యాటరీ 1,450 ఎంఏహెచ్. స్మార్ట్ ఫోన్ల 5,000 పక్కన చిన్నదిగా కనిపిస్తుంది కానీ, అది మోయాల్సిన బరువు కూడా అంతకంటే చాలా చిన్నది.

ఆ తేడా నాకు 2025 అక్టోబరులో అర్థమైంది. 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. మా ఊళ్లో కరెంటు పోయింది. మర్నాడు మధ్యాహ్నానికి అమ్మ ఫోను చచ్చిపోయింది. రాత్రంతా టార్చి వేసుకున్నారు, వార్తలు చూశారు, చుట్టాలందరికీ వీడియోలు పంపారు. మూడో రోజు పొద్దున నాన్న ఫోను నుంచే "కొబ్బరి చెట్లు నాలుగు పోయాయి, మేం బాగున్నాం" అన్న మాట విన్నాను. టవరు పడిపోతే ఏ ఫోనూ పలకదు, అది వేరే సంగతి. టవరు లేచాక పలకడానికి ఫోనులో ప్రాణం ఉండాలి కదా.

గట్టిదనం విషయంలో మాత్రం నేను అనుకున్నదొకటి, తేలిందొకటి. మడత ఫోనులో స్క్రీను లోపల దాక్కుంటుంది కాబట్టి గట్టు మీద పడినా గాజు పగలదు. నాన్నది ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. అయితే దీనికి మడత దగ్గరే బలహీనత. పై భాగానికీ కింది భాగానికీ మధ్య మడత గుండా ఒక పలచటి రిబ్బను కేబులు పోతుంది. వేలసార్లు తెరిచి మూసేసరికి అలిసేది అదే. ఇసుక చేరితే కిర్రుమంటుంది. నీళ్లంటే అసలు పడదు. స్మార్ట్ ఫోన్లలో కాస్త ఖరీదైనవి ఐపీ68 స్థాయిలో నీళ్లని తట్టుకుంటున్నాయి, మామూలు మడత ఫోన్లకి ఆ రక్షణ ఉండదు. నాన్నది ఒకసారి పంట బోదెలో పడింది. వెంటనే బ్యాటరీ ఊడదీసి నీడన రెండు రోజులు ఆరబెడితే బతికింది. బ్యాటరీ బయటికి రాని ఫోనైతే అంత వెసులుబాటు ఉండేది కాదు.

అంతకు మించిన గట్టిదనం కావాలంటే మడత లేని బటన్ ఫోనే మేలు. 2003లో వచ్చిన నోకియా 1100 తలుచుకోండి. దుమ్ము దూరకుండా బటన్ల మీద ఒకటే రబ్బరు పొర, తలమీద టార్చి, ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అలాంటి పాత ఫోను అటక మీద దొరికింది కదా అని సిమ్ వేయబోకండి. జియోకి 2జీ లేదు, ఆ సిమ్ అందులో పలకదు. ఇప్పుడు కొత్తగా వస్తున్న చవక మడత ఫోన్లలోనూ 2జీవి ఉన్నాయి. డబ్బా మీద 4జీ, వోల్టీ (4జీ మీదే కాల్స్ మాట్లాడే పద్ధతి) అన్న రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి.

నెలనెలా ఖర్చు గురించి ఒక్క మాట. వాడని డేటాకి కూడా కలిపి రీచార్జ్ చేయించుకోవాల్సి రావడం బటన్ ఫోన్ల వాళ్లని చాలాకాలం బాధపెట్టింది. 2024 డిసెంబరులో టెలికాం కంపెనీల మీద నియంత్రణ సంస్థ ట్రాయ్ కాల్స్‌కీ ఎస్సెమ్మెస్‌లకీ మాత్రమే విడి ప్యాకులు పెట్టాలని కంపెనీలకి చెప్పాక అవి వచ్చాయి. షాపులో మనం అడిగితేగానీ చెప్పరు, అడగాలి.

ఇక అసలు చిక్కు: బ్యాంకు నంబరు ఏ ఫోనులో ఉండాలి? ఏ ఫోను కొనాలన్న ప్రశ్న నా మటుకు ఇక్కడికొచ్చే తేలింది. నాన్న ఖాతాకీ ఆధార్‌కీ ఒకటే నంబరు. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోనులో యాప్‌గా దిగిపోయే ఫైలు, వస్తుంది. తెలియక నొక్కితే అది ఫోనులో కూర్చుని ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది, ఓటీపీ దొంగ చేతికి పోతుంది. మడత ఫోనులో ఆ ఫైలుకి చోటే లేదు. పోలీసు బట్టలు వేసుకుని వీడియో కాల్‌లో "నిన్ను డిజిటల్ అరెస్ట్ చేశాం" అని బెదిరించేవాళ్లకి కూడా ఆ చిన్న తెర మీద కనబడే దారి లేదు. మాటతో మోసం చేసేవాడు మాత్రం ఏ ఫోనుకైనా కాల్ చేస్తాడు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దన్నదీ, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయాలన్నదీ నాన్నకి ఫోనుతోపాటే చెప్పాను.

దీనికి మనం చెల్లించే మూల్యం కూడా ఉంది. యూపీఐ యాప్ నడవాలంటే బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ ఆ స్మార్ట్ ఫోనులోనే ఉండాలి. సిమ్ నాన్న మడత ఫోనుకి వెళ్లింది కనక ఎరువుల కొట్లో క్యూఆర్ కోడ్ ముందు ఆయన చేతిలో నోట్లే ఉంటాయి. దారి పూర్తిగా మూసుకుపోలేదు. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చింది. 080 4516 3666కి కాల్ చేసి అది అడిగినట్టు బటన్లు నొక్కి డబ్బు పంపొచ్చు. ఒకసారికి 5,000గా ఉన్న పరిమితిని 2024లో 10,000 చేశారు. ఇంటర్నెట్ లేకుండా *99# నొక్కి పంపే దారి కూడా ఉంది. నాన్న చేత రెండూ చేయించి చూశాను. పని అయింది, కానీ వెనక నలుగురు నిలబడి ఉంటే కొట్టు ముందు చేసే పని కాదు. ఇంట్లో కూర్చుని తీరిగ్గా కౌలు డబ్బు పంపడానికి సరే.

స్మార్ట్ ఫోను లేకపోతే నిజంగా నష్టపోయేది ఇంకో రెండు చోట్ల. వరి దుబ్బు అడుగున మచ్చలొచ్చాయి, పొడ తెగులా ఇంకేమన్నానా అని తేల్చుకోవాలంటే ఆకు ఫోటో తీసి రైతు సేవా కేంద్రంలో ఉన్నవాళ్లకి పంపాలి. మడత ఫోను కెమెరాతో తీసిన బొమ్మలో ఆకు తెలుస్తుంది, మచ్చ తెలియదు. రెండోది, ప్రభుత్వం పనులు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మన మిత్ర మొదలైంది. 95523 00009కి వాట్సాప్ చేస్తే సర్టిఫికెట్లు, బిల్లులు ఇంట్లోనే అయిపోతాయి. వాట్సాప్ లేని నాన్న గ్రామ సచివాలయానికి నడవాలి. ఒకప్పుడు కొన్ని బటన్ ఫోన్లలో వాట్సాప్ ఉండేది, 2025లో అదీ ఆగిపోయింది. పౌరుడికి అందాల్సిన సేవ ఒక యాప్ వెనక చేరుతున్నప్పుడు బటన్ ఫోను మనిషికి సచివాలయం కౌంటరు తెరిచే ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

మనవడి ముఖం సంగతి చెప్పకపోతే ఈ పోలిక అబద్ధమవుతుంది. అన్నయ్య టెక్సస్‌లో ఉంటాడు. వాడి కొడుకు పాకడం, నిలబడడం, మొదటి అడుగు, అన్నీ నాన్న చూసింది అమ్మ ఫోనులోనే. ఆదివారం పొద్దున ఆ ఫోను కిటికీకి ఆనించి పెట్టి ఇద్దరూ ఎదురుగా కూర్చుంటారు. ఆ అరగంటని ఏ మడత ఫోనూ ఇవ్వలేదు. నాన్న ఒక్కరే ఆ ఇంట్లో ఉండి ఉంటే నేను ఇంత ధైర్యంగా స్మార్ట్ ఫోను తీసేసేదాన్ని కాదు.

అందుకని నేను చెప్పేది ఇది. ఇంట్లో ఇద్దరున్నచోట, ఒకరికి స్మార్ట్ ఫోను చేతనైతే, రెండోవారికి 4జీ మడత ఫోనే మేలు, బ్యాంకు సిమ్ అందులోనే ఉండనివ్వండి. ఒంటరిగా ఉండి టచ్ అలవాటున్నవాళ్లకి స్మార్ట్ ఫోను తీసేయకండి, పక్కన ఒక చిన్న ఫోను చేర్చండి. రోజంతా నీళ్లలో, దుమ్ములో పనిచేసేవాళ్లకి మడత లేనిదే నయం. చదువుకునే పిల్లలకి, ఫోను మీదే బేరం నడిచే చిరు వ్యాపారికి, డెలివరీ పనివాడికి బటన్ ఫోను సలహా ఇవ్వను.

కొనబోయే ముందు ఆ పెద్దమనిషినే షాపుకి తీసుకెళ్లండి. తన గోటితో, ఒంటి చేత్తో తెరవగలరేమో చూడండి. కొన్ని మరీ బిగువుగా ఉంటాయి, కీళ్ల నొప్పులున్న చేతికి లొంగవు. మీ సిమ్ వేసి రోడ్డు మీదకొచ్చి, బస్సు హారన్ల మధ్య మాట వినిపిస్తోందేమో ఆయన్నే అడగండి. ఎస్సెమ్మెస్‌లో తెలుగు అక్షరాలు సరిగా కనబడుతున్నాయా, మరో బ్యాటరీ ఆ ఊళ్లో దొరుకుతుందా, కనుక్కోండి. నాన్నకి నేను మొదట ఎంచిన ఫోను ఆయన చేతిలో తెరుచుకోలేదు. రెండోదాన్ని ఆయన బొటనవేలితో టక్కున తెరిచి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇదమ్మా" అన్నారు.